వెనక వరుస

ఫెస్ నగరం పాతబస్తీలో లాక్‌డౌన్‌కి మసీదులు మూసేశాక ఇద్రీస్ ఇంట్లోనే నమాజు చేయించేవాడు. భార్య మైమూనా వెనక నిలబడేది. అతను వంగి లేచే లెక్క తప్పితే, ఆడవాళ్ళ పద్ధతిలో, మాట్లాడకుండా చేతిమీద చేత్తో చరిచి తప్పు గుర్తుచేసేది.

కరోనాతో ఆమె పోయింది.

"ఆసుపత్రికి తీసుకెళ్దామంటే దువా చాలన్నావు కదా బాబా! ఇప్పుడు నిద్రపట్టడం లేదా? చేసుకో మరి దువా!" అని కూతురు ఫోను పెట్టేసింది.

చీకటిపడ్డాక ఒంటరిగా నమాజుకు నిలబడి లెక్క తప్పాడు. వెనక చేయి చరిచిన చప్పుడు. ఊరటగానే సరిదిద్దుకున్నాడు.

సజ్దాలో నుదురు నేలకు ఆనించి, "ప్రభూ, ఆమెను తీసుకెళ్ళింది నీ చిత్తమే," అని గొణిగాడు.

మళ్ళీ చప్పుడు.

ఈసారి లెక్కేమీ తప్పలేదు. అదే మాట ఇంకోసారి అన్నాడు.

ఈసారి చెవి పక్కనే చరిచింది.