చీమలు పాకినట్టు

“చీమలు పాకినట్టుంటే ఏమంటరు?” అని అడిగింది ఇక్బాలున్నీసా, ఎంబ్రాయిడరీ మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే.

“టింగ్లింగ్,” అంది కూతురు షిఫా.

“సూదులు గుచ్చినట్టుంటే?”

“ప్రిక్లింగ్. పిన్స్ అండ్ నీడిల్స్ అని గూడ అంటరు.”

“మరి కారం పూసినట్టు భగ్గుమంటే?”

“స్టింగింగ్. జర తక్కువుంటే స్మార్టింగ్.”

షిఫా హుస్సేనీ ఆలంలో ఓ చిన్న నర్సింగ్ హోంలో నర్సు. ఊరికి ఆ చివర ఓ పెద్దాసుపత్రిలో విదేశీ రోగుల వార్డుకు నర్సులను తీసుకుంటున్నారు. ఎల్లుండే ఇంగ్లీషు పరీక్ష. ఎదురుగా ఒకరు రోగిలా కూర్చుని బాధలు చెప్పుకుంటారు. అది మంటా, పోటా, తిమ్మిరా అని ఆరా తీసి, దానికి సరైన ఇంగ్లీషు మాట చెప్పాలి. కిందటిసారి షిఫా అక్కడే బోల్తా పడింది. ఏ బాధ చెప్పినా ‘పెయిన్’ అనే ఒక్క మాటే నోట్లోంచి ఊడిపడింది మరి, ఉద్యోగం ఎవరిస్తారు?

అందుకే ఈసారి ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. రోగి వేషం తల్లిది. పలక పట్టిన పాపాన పోని ఇక్బాలున్నీసా రోజుకో రోగం తెచ్చుకుని, మూలుగుతూ ముక్కుతూ బ్రహ్మాండంగా రక్తి కట్టించేది. షిఫా నవ్వలేక చచ్చేది. ఈమధ్య ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

ఎందుకంటే కొన్నాళ్లుగా తల్లి ఒకటే రోగం చెబుతోంది. మొదట ఎడమ కాలిలో చీమలన్నది. తర్వాత ఆ చీమలు ఎడమ చేతికి పాకాయన్నది. ఆ తర్వాత వేళ్లు మొద్దుబారి పట్టు దొరకడం లేదన్నది. వేషానికి ఇంత వరస ఎక్కడ కుదురుతుంది? పొద్దస్తమానం మగ్గం ముందు కూర్చునే మనిషికి ఆ మాత్రం తిమ్మిర్లు ఉండవా, నిలబడి రెండు డ్యూటీలు చేసే తనకు మాత్రం రావట్లేదా అని షిఫా సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

“ఇంకోటి చెప్పు,” అంది తల్లి. ఈసారి సూది ఆపి కూతురి వైపే చూసింది. “వేడి తగిలినా కాలికి తెలుస్తలేదనుకో. గదానికేమంటరు?”

షిఫా చేతిలో ఉన్న టీ కప్పు జారిపోయింది. అప్పుడే పోసుకున్న టీ, పొగలు కక్కుతూ పాదం మీద ఒలికింది. ఆమె అది పట్టించుకునే స్థితిలో లేదు. చదువుకునే రోజుల్లో వార్డులో ఒకామె ఇదే వరసలో చెప్పింది. ముందు చీమలు, తర్వాత సూదులు, ఆఖరికి ఏమీ తెలియకపోవడం. ఆలస్యంగా వచ్చావమ్మా అన్నారు డాక్టర్లు. ఆమె మళ్లీ తన కాళ్ల మీద నడవలేదు. అబ్బాజాన్ పోయాక ఈ ఇంట్లో మిగిలింది ఇద్దరే.

“అమ్మీ, సచ్ బోలో. గిది యాక్టింగేనా?”

తల్లి మగ్గం ముందు నుంచి లేచి వచ్చింది. వంగి, కూతురి పాదం మీది టీని దుపట్టాతో నెమ్మదిగా తుడిచింది. “కాదు బేటా. నిజమే,” అంది.

“గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?”

“నీకు ఆ పరీక్ష తప్ప ఇంకేమన్న కనవడుతుందా?”

ఆ మాటకు షిఫాకు ఏడుపొచ్చింది. నర్సునై ఉండి ఇంట్లో మనిషిని చూసుకోలేకపోయానని తనను తాను తిట్టుకుంది. పరీక్ష గిరీక్ష గంగలో కలవనీ, రేపే పోదామంది. తల్లి ఒక్క షరతు పెట్టింది. డాక్టరు దగ్గర కూతురు పక్కనే ఉండాలి, మధ్యలో లేచి పోకూడదు. ఎంత భయపడుతోందో పాపం అనుకుని షిఫా సరేనంది.

మర్నాడు ఆసుపత్రి మెట్లు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎక్కారు. నరాల డాక్టరు పేరు ఆదిశేషయ్య, పెద్దాయన. తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి షిఫాయే అంతా చెప్పింది. ఎక్కడ టింగ్లింగో, ఎక్కడ ప్రిక్లింగో, ఏ వేళ్లు నంబ్ అయ్యాయో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయింది. ఒక్క మాట కూడా తడబడలేదు. పరీక్షలో ఇలా చెబితే ఎగరేసుకుపోయి ఉద్యోగం ఇచ్చేవారు.

డాక్టరు మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశాడు. అరికాలికి పిన్ను తాకిస్తే ఇక్బాలున్నీసా చురుక్కుమని కాలు లాక్కుంది. ఆయన వేళ్లను రెండు చేతులతో పిండమంటే నొప్పెట్టేలా పిండింది. వేడినీళ్ల గాజుగొట్టం ఆనిస్తే వెంటనే వేడి అంది.

“మీ నరాలు భేషుగ్గా ఉన్నాయమ్మా,” అన్నాడు ఆయన. “మీ అమ్మాయి చెప్పిన వాటిలో ఒక్కటీ మీలో కనపడలేదు. అసలు మీకు ఇవన్నీ ఉన్నాయా?”

షిఫా గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. అల్లాకు శుక్రియా చెప్పుకుంది. ఇంతలో తల్లి స్టూలు మీద నుంచి లేచింది. కూతురి భుజాలు పట్టుకుని ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది.

“ఎంత చెప్పినా ఆస్పత్రికి రాదని, నాకే ఉందని చెప్పి తీస్కొచ్చిన సార్. నిన్న కాలి మీద పొగలు కక్కే టీ పడ్డా తెల్వలే. రోగం దీనిది.”