తిప్పయ్య బుట్ట

“వైద్యుడుగారోయ్! మా పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోందయ్యోయ్!” అని వీధి చివర్నుంచి కేక. రైసుమిల్లు వెనకున్న పందికొక్కుల వీధి అది. సింగారమ్మ రొప్పుతూ వచ్చింది. ఉడుత వైద్యుడు తిప్పయ్య మందుల బుట్టలో చెయ్యి పెట్టాడు. అడుగు తగిలింది.

ఒకప్పుడు ఆ బుట్టెడు వేళ్లు ఏడాదంతా వచ్చేవండీ. మిల్లు నూకలు గుట్టలు పడ్డాక వారం కూడా రావడం లేదు. ఒకడికి ఆయాసం, ఒకడికి మోకాళ్లు, ఇంకొకడికి తీరని దాహం. కాస్త ఒళ్లు తగ్గించండర్రా అంటే, “మూడోసారి వడ్డించింది వద్దంటే పెట్టినవాళ్లకి అవమానం కదయ్యా!” అనేవారు. ఆ వీధి ఆచారం అలాంటిది మరి.

“గట్టు మీద వేళ్లున్నాయి, తవ్వుదాం రండి!” అని అరిచాడు తిప్పయ్య. తవ్వకంలో పందికొక్కుల్ని మించినవాళ్లెవరు? వీధంతా కదిలింది. పది అడుగులు వేసి వీధంతా చతికిలబడింది.

“నువ్వు పదవయ్యా, ఊపిరాడాక వస్తాం,” అన్నాడు పెద్దాయన కొండయ్య.

ఒక్కడే, ఆ చిటికెడు చేతులతో తవ్వి, వేరు పట్టుకొచ్చేసరికి పిల్ల చల్లబడిపోయింది.

పదో రోజు భోజనాలకి వీధంతా బంతిలో కూర్చుంది. సింగారమ్మ ఏడుస్తూనే మూడోసారి బూరెలు తెచ్చింది. “ఇంక చాలు తల్లీ” అనబోయి, తిప్పయ్య ఆవిడ మొహం చూశాడు. ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యి మెల్లిగా తీసేసి, అందరితోపాటు తినడం మొదలుపెట్టాడు.