పడుగు అయ్యేదాకా

"ఏమ్మా, యాడిదానివి? మా ఇంటి కప్పు దంతెలు ఎంచుతాండావు?"

గుంత మగ్గంలో కాళ్లు ఆడిస్తానే గదిమింది రామక్క.

వచ్చినామె వాకిట్లోనే చెప్పులు విడిచి, కప్పు వైపు చూస్తాండాది.

"హిందూపురం నుంచి వచ్చినానక్కా. ఈ వరసంతా కప్పులు కారుతాండాయి, మార్పించల్ల."

"కొత్త ఓనరు మనిషివా! రిపేరీ అంటారు, ఖాళీ చేయిస్తారు. పాతికేండ్ల కింద పాత ఓనరు ఇట్లే గదా, కొస ఇంటి అమీర్‌సాబ్ మగ్గం మీది సగం చీర కత్తెరతో కోసి, సామాన్లు ఈదిలో పడేసింది! చంటిబిడ్డనెత్తుకొని యాడికి పోయినాడో ఏమో. ఈ పొద్దు నా పడుగు కోస్తావా?"

పడుగంటే నిలువుపోగులు. మగ్గానికెక్కినాక చీరలన్నీ దిగేదాకా కదిలించకూడదు. నడుమ కోస్తే పట్టూ పోయె, నేసేవాళ్ల నోట్లో మన్నూ పడె.

ఆమె అరుగు మీద కూర్చుంది.

"రోంత నీళ్లియ్యక్కా."

"మీ ఓనరునే అడుగు, పో!"

ఆమె నవ్వేసింది.

"పడుగు ఎప్పుడైపోతాది?"

"ఇంకా రెండు చీరలుండాయి."

"అట్లయితే నీ ఇల్లు ఆఖర్న."

ధర్మవరంలో అట్లాంటి రిపేరీ ఎవరూ చూసుండరు. ముందు ఖాళీగా ఉన్న కొస ఇల్లు బాగైంది. ఒక్కో సంసారం దాంట్లోకి జరగడం, తమ ఇంటికి కప్పు పడినాక వెనక్కి రావడం. రాత్రి డ్యూటీ చేసొచ్చే పక్కింటి వీరేష్ నిద్రలేచేదాకా సుత్తి చప్పుడే లేదు. రామక్క పట్టు మీద దుమ్ము పడకుండా పట్టలు కట్టినారు.

పడుగులో ఆఖరిదైన ఎర్రంచు చీర నిండుగా దిగింది. వరసలో ఆడోళ్లంతా ఈలలేసినారు!

రామక్క చెంబు నిండా నీళ్లు తీసుకొని కొస ఇంటికి ఉరికింది.

ఆడ మేస్త్రీ వెంకటేష్ ఒక్కడే ఉన్నాడు.

"ఆమె యాడప్పా?"

"ఇప్పుడే రైలుకు పాయె. నీ మగ్గం తెచ్చుకోక్కా, జాగా తయారు."

నేల మీద పలక ఎత్తినాడు. కింద మగ్గం గుంత.

"నాకోసరం తవ్వినావా?"

"తవ్వేదేంది, పాతదే. పూడ్చేసి ఉండె. ఆమె వచ్చి కాలితో తట్టి, ఈడుండాది, మన్ను తీయమనింది. సరిగ్గా ఆడే ఉండె!"

"ఓనరు మనిషికి ఈ గుంత సంగతెట్ల తెలుసబ్బా?"

"ఓనరు మనిషేందక్కా, ఆమే ఓనరు. వాళ్ల నాయన చెప్పిన గుర్తులంట... అమీర్‌సాబ్ కూతురు జమ్రూద్."