వెనక లైటు

గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల చీకట్లో ఒక్క ఎర్ర లైటు వెలుగుతోంది. వీధి మొదట్లోంచే సాత్వికకు అది కనిపించింది.

దగ్గరికొచ్చి చూస్తే సైకిలు లాంటి ఎలక్ట్రిక్ బైకు. వెనకాల స్టూలు మీద ఒక పెద్దాయన, ఆ లైటు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"యోగానంద్ గారేనా అండీ? ఆన్‌లైన్‌లో యాడ్ చూసి మెసేజ్ పెట్టిన."

"రామ్మా, కూర్చో" అంటూ ఆయన లేచి తన స్టూలే ఇచ్చాడు.

సాత్వికకు కూర్చునే తీరిక లేదు. వరంగల్ నుంచి చదువుకోడానికి ఈ దేశం వచ్చి పది నెలలు. ఆ ఏడాది ఈ వాన్ ఊళ్ళో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే, పార్ట్‌టైమ్ పని దొరకడమే గగనం. ఆమెకు వేర్‌హౌస్‌లో దొరికింది, కానీ పొద్దున ఆరింటి షిఫ్టు. మొదటి బస్సు దిగి నడిచేసరికి ఆరుంబావు. ఇప్పటికి రెండుసార్లు లేటైంది. మూడోసారి లేటైతే ఇక రావద్దని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పాడు. రేపు సోమవారం.

యాడ్‌లో ధర మరీ తక్కువ. "దొంగ బండేమో చూస్కో" అని రూమ్మేట్ ఇషిత నవ్వింది కూడా.

"ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం వస్తది అంకుల్?"

"తెలీదమ్మా."

"చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతదంటారు?"

"అంటారు. నేనెప్పుడూ ఎక్కలేదు."

అమ్మేవాడు ఇలా ఉంటే కొనేవాళ్ళు ఏం అడుగుతారు? సాత్విక నవ్వు ఆపుకుంది. "పోనీ, దీంట్లో మంచేందో చెడ్డేందో మీరే చెప్పండి అంకుల్."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆయన మొదలుపెట్టాడు.

"మంచి చాలా ఉందమ్మా. చెమట పట్టదు. ఎదురుగాలిలో కూడా లాగేస్తుంది. వాగు పక్కన కార్లు రాని ట్రెయిల్ బాట ఉంది చూడు, అక్కడ దీన్ని మించింది లేదు. చెడ్డంతా రోడ్డు మీదే. చప్పుడు చెయ్యదు. సైకిలే కదా, మెల్లగా పోతుందిలే అనుకుంటాం, అది ముప్పై స్పీడులో ఉంటుంది. ఈ లైటు వానలో నూట తొంభై అడుగుల దాకా కనిపిస్తుంది. వాన లేకపోతే నాలుగొందలు."

"కొలిచారా?"

"రోజూ కొలుస్తాను."

ఇంట్లోకి వెళ్ళే తలుపు తీసుకుని ఆయన భార్య దమయంతి వచ్చింది. "ఈ అమ్మాయికైనా ఇచ్చెయ్యండి" అంది నీరసంగా. "ఆరుగురు వచ్చారమ్మా. ఒక్కళ్ళకీ ఇవ్వలేదు. తుక్కులో పోయేదాన్ని తెచ్చి బాగు చేయించారు. ఏడాదిగా సాయంత్రమైతే ఇక్కడే. కారు తాళాలు కూడా ముట్టుకోవట్లేదు." కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

బైకు హ్యాండిల్ మీద పసుపు, కుంకుమ ఎండిపోయి ఉన్నాయి. ఎవరో ఎంతో ఇష్టంగా పూజ చేసుకున్న బండి.

"ఎవరిది అంకుల్ ఇది?" మెల్లగా అడిగింది.

"చిన్నుది. ఇరవై రెండేళ్ళు."

సాత్విక ఆ కుంకుమ మీంచి చూపు తిప్పుకుంది. ఆయనే అన్నాడు.

"ఇప్పటికీ కనిపిస్తాడమ్మా. కళ్ళు మూస్తే చాలు. నీలం బ్యాగు, తల మీద హెల్మెట్. ఎప్పుడూ వీపే. ఒక్కసారి ఇటు తిరగరా అంటాను. తిరగడు."

బయట సన్నగా తుంపర మొదలైంది. సాత్వికకు ఈ బండి వద్దు అనిపించింది. అంతలోనే సోమవారం గుర్తొచ్చింది.

"నాకియ్యండి అంకుల్. జాగ్రత్తగా నడుపుకుంటా."

ఆయన జేబులోంచి తాళం తీశాడు. "ట్రెయిల్ మీదుగా వెళ్తే పది నిమిషాలు ఎక్కువ. అయినా అటే వెళ్ళు. చేరాక నాకు ఒక మెసేజ్ పెట్టు. రోజూ పెట్టాలి."

"పెడతా అంకుల్."

తాళం ఆమె చేతిలో పెట్టాడు. సాత్విక ప్రాణం కుదుటపడింది. బ్యాగులోంచి నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టింది. తర్వాత నల్ల దిష్టితాడు తీసింది. కుచ్చు పెద్దది, గవ్వలు కూడా గుచ్చి ఉన్నాయి. ఏ బండి కొన్నా ముందు ఇది కట్టాలని అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపింది.

వంగి వెనక క్యారియర్‌కు కట్టింది. కుచ్చు జారి లైటు మీద పడింది. గరాజ్ అంతా ఒక్కసారిగా చీకటైపోయింది.

యోగానంద్ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది.

"అక్కడ వద్దమ్మా."

"దిష్టికి అంకుల్. మంచిదే కదా."

"చిన్ను అక్కడే కట్టుకున్నాడు."

సాత్విక గబగబా ముడి విప్పింది. తాడు చేతిలోకి వచ్చేసింది. ఎర్ర లైటు మళ్ళీ ఆయన ముఖం మీద పడింది. ఆ ముఖం చూస్తే ఏడుపొచ్చింది ఆమెకు.

"మరి మీరన్నా చెప్పకపోయారా అంకుల్? కొడుకు బండి, ఇంట్లో రోజూ చూస్తనే ఉంటరు కదా."

"నేను చిన్ను నాన్నను కాదమ్మా, ఆ పొద్దున వానలో వాడి వెనకాల వచ్చిన ట్రక్కు డ్రైవర్ని."