రౌటర్‌కి చుట్టాలు

ఆ రోజుల్లో రౌటర్ పెట్టకపోతే ఇంట్లో కుళాయి వచ్చేది కాదు, పొయ్యి వెలిగేది కాదు. విజయనగరంలో చలపతి కొత్త రౌటర్ తెచ్చి గోడకు తగిలించాడు. ఇంట్లో ప్రతి మాటా వింటానని, కుటుంబ సభ్యులంతా సరే అనాలని అది అడిగింది. చలపతి, భార్య హైమ సరే అన్నారు.

"నా మాటలు దానికెందుకురా? నేను సరే అనను," అంది తల్లి వరహాలమ్మ.

"ఊరంతా అనేసింది. నీ దగ్గరేనా అంత పెద్ద రహస్యాలున్నాయి?" అని చలపతి విసుక్కుని కంపెనీకి ఫోన్ చేశాడు. ఆవిణ్ణి అతిథిగా నమోదు చేస్తే అనుమతి అక్కర్లేదన్నారు వాళ్లు. అతను మారు ఆలోచించలేదు. కన్నతల్లి చుట్టమైపోయింది, రౌటర్ పనిచేసింది.

వరహాలమ్మ టీ పెట్టబోతే పొయ్యి వెలగలేదు. అతిథులు వంట చేయకూడదని రౌటర్ మర్యాదగా చెప్పింది. ఆవిడ ముఖం చిన్నబోయింది.

హైమ అది విని నేరుగా రౌటర్ దగ్గరికెళ్లింది. "నా సరే వెనక్కి తీసుకుంటున్నాను. నన్నూ అతిథిగానే రాసుకో," అని చెప్పి, వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

చలపతి ఇద్దరి వంకా చూసి, పాలగిన్నె వెతుక్కుంటూ వంటింట్లోకి నడిచాడు.

"నాకు పంచదార తక్కువ వెయ్యి నాయనా," అంది వరహాలమ్మ.