వేసినవాడే తీయాలి

తుఫానుకి తెగిన కరెంటు తీగను కలపడానికి ఆ రాత్రి తేజేశ్వర్, ఐర్లండ్‌లోని అత్లోన్ ఊరి అవతల ఓ పొలంలో స్తంభం ఎక్కాడు. ఎక్కేముందు కింద స్విచ్ ఆపి, ఇంకెవరూ కరెంటు వేయకుండా దానికి తన పేరున్న తాళం వేశాడు. ఎవరు వేసిన తాళం వాళ్లే తీయాలి, అదీ పద్ధతి. లైన్ పనికి మనుషులు దొరక్క, ఏడాది తిరక్కుండానే అతన్ని పర్మనెంట్ చేశారు.

గాలి పూర్తిగా పడిపోయింది. రేడియోలో, కింద వ్యాన్‌లో ఉన్న తోటి లైన్‌మన్ రాజ్‌కిరణ్ గొంతు వినిపించింది.

"అన్నా, అప్పుడే దిగేశావా? కరెంటు ఇమ్మని కంట్రోల్ రూమ్‌కి చెప్పేశా."

"నేనింకా పైనే ఉన్నాను రా!"



"మరి స్విచ్ దగ్గర నీ హెల్మెట్ పెట్టుకుని, నాకు చెయ్యూపుతున్నదెవరు?"

తేజేశ్వర్ ఒక చెయ్యి తీగ మీదే ఉంది. రెండో చేత్తో జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది.

కింద చీకట్లో తాళం టక్కున తెరుచుకుంది.