తొంభై ఏడు రావాల్సిన చోట

"ఇంకోసారి కొలిచి చూడు తల్లీ. ఆయన్ని చూసి మెషిన్‌కి కూడా భయమేసుంటుంది," అన్నాడు నత్త పరిశోధనకి గైడు.

నత్త మూడోసారి కొలిచింది. మూడోసారీ సున్నాయే.

ల్యాబ్‌లో అందరూ ఆమెను నత్త అనేవారు. పక్కవాళ్లు పూటలో ముగించే పనికి ఆమెకు మూడు రోజులు పట్టేది. ఆరేళ్లు అలా పాకి పాకి ఒక జెల్ తయారుచేసింది. అణు రియాక్టరులో వాడేసిన ఇంధనంలో ఆక్టినైడ్లు, లాంథనైడ్లు అనే రెండు జాతుల లోహాలు కలిసిపోయి ఉంటాయి. మొదటివి వేల ఏళ్లు విషం కక్కుతాయి, రెండోవి కాస్త బుద్ధిమంతులు. చిక్కేమిటంటే రెండూ కవలల్లా ఉంటాయి. నత్త జెల్ వాటిని ఇట్టే పోల్చుకుంటుంది. చల్లగా ఉంటే ఉబ్బి రెండింటినీ లోపలికి పిలుస్తుంది. వెచ్చబెడితే ముడుచుకుని, లాంథనైడ్లను నీళ్లతో సహా ఉమ్మేసి, అమెరీషియం అనే ఆక్టినైడును మాత్రం గుప్పిట్లో బిగించుకుంటుంది. నలభైసార్లు చేస్తే నలభైసార్లూ నూటికి తొంభై ఏడు పాళ్లు దానికి చిక్కింది.

ఇవాళ్టిది డాక్టరేట్ కోసం ఆఖరి పరీక్ష. వచ్చినవాడు కత్తెర మాస్టారు. ఆయన సంతకం పెట్టిన థీసిస్‌ల కంటే కత్తిరించినవే ఎక్కువ. ఎందుకు కత్తిరించాడో ఆ బాధితులెవరూ బయట చెప్పుకోలేదు. పక్క గదిలో తలుపేసుకుని తనే కలిపిన ద్రావణం తెచ్చిచ్చి, "జెల్‌లో అమెరీషియం ఎంత మిగిలిందో కాగితం మీద రాసివ్వమ్మా, చాలు," అని అద్దానికి అవతల కూర్చున్నాడు.

"జెల్ పాడైందంటారా సార్?"

"నిన్న బాగానే ఉందిగా! కత్తెర మొహం చూసి ముందే ముడుచుకుని ఉంటుంది. నేనే ముడుచుకుపోయాను."

"సరుకంతా నీళ్లతో పాటు బయటికి పోయిందేమో. ఆ నీళ్లు కొలుద్దాం. బీకరేదీ?"

గైడు నేలచూపులు చూశాడు. "వ్యర్థాల పీపాలో పోసేశాను."

"ఎందుకు సార్!"

"సున్నా చూసి కంగారొచ్చింది. కంగారొస్తే నేను ఏదో ఒకటి కడిగేస్తాను. ఇంట్లోనూ అంతే, మీ ఆంటీని అడుగు."

నత్తకు నవ్వు రాబోయి ఏడుపు దగ్గర ఆగింది.

అద్దం దాటి మాట వినబడదని తెలిసినా గైడు గొంతు తగ్గించాడు. "తొంభై ఏడు అని రాసెయ్. అది అబద్ధం కాదు తల్లీ, సగటు."

"ఇవాళ రాలేదుగా సార్."

"ఇవాళ దానికి ఒంట్లో బాలేదనుకో. ఒక్క పూట జ్వరమొస్తే మనిషిని శ్మశానానికి పంపిస్తామా? సున్నా రాశావో, ఆరేళ్లూ గంగలో కలిసినట్టే!"

నత్త కాగితం తీసుకుంది. తొమ్మిది రాద్దామని పైన గుండ్రంగా చుట్టింది. కింద తోక గీయడానికి చెయ్యి రాలేదు.

"నత్తలు ఇంత మొండివని నాకెవరూ చెప్పలేదే!" గైడు తల పట్టుకున్నాడు.

అద్దం అవతలికి నత్త తెచ్చిచ్చిన ఆ సున్నాను మాస్టారు చూశాడు. "థీసిస్‌లో తొంభై ఏడు అని ఉందే?"

"నలభైసార్లు వచ్చిందండి. ఇవాళ రాలేదు. ఎందుకో నాకు తెలీదు."

ఆయన పక్క కుర్చీ లాగాడు. "కూర్చోమ్మా. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

ఆ మాత్రం మాటకే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెనకే పరుగెత్తుకొచ్చిన గైడు, "కరెంటు హెచ్చుతగ్గులండీ, పైగా ఈ ఎండలు..." అని మొదలెట్టాడు.

మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. "నేను ఫెయిల్ చేసినవాళ్లందరూ నాకు తొంభైకి పైనే రాసిచ్చారు," అంటూ థీసిస్ తెరిచి, ఆఖరి పేజీలో సంతకం చేసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"నీకిచ్చిన ద్రావణంలో నేను అమెరీషియం కలపనే లేదమ్మా."